తడి ఆరని దండ

సముద్రం మింగిన మనిషిని నేను కుంచెతో వెనక్కి లాగాను. మూరెడు గుడ్డ, నాలుగు రంగులు, పదకొండు రోజుల పని. ఆ బొమ్మ చేతబట్టుకుని దక్షిణాన రేవు రేవూ తిరిగితే, ఒకచోట జనం చూడగానే గుర్తుపట్టి, "ఈ మనిషి మా ఊరి ఆసుపత్రిలో ఉన్నాడు" అని తీసుకుపోయి అప్పగించారు. ఈ కథ నేను పెళ్లి పందిళ్లలో చెప్పాను, రైళ్లలో చెప్పాను, పన్ను పీకించుకోవడానికి పోయిన చోట డాక్టరుకు కూడా చెప్పాను. విన్నవాళ్లంతా నోరు తెరిచారు. ఆ డాక్టరు దగ్గర మాత్రం తెరిచింది నేనే.

ఇందులో నిజమెంతో ఇప్పుడు చెబుతాను. మనిషి ఉన్నాడు, సముద్రం ఉంది, బొమ్మ ఉంది. పదకొండు రోజులు మాత్రం కాదు, మూడే. మిగిలింది వరసలో ఒప్పుకుంటాను. అంతా ఇక్కడే ఒప్పేసుకుంటే మీరు లేచి వెళ్లిపోతారు.

పంతొమ్మిది వందల యాభైల చివర నాకు పాతికేళ్లు కూడా లేవు. నెల్లూరు ట్రంకురోడ్డును ఆనుకుని ఉన్న ఒక సందులో బొమ్మల మేస్త్రి దగ్గర పని చేసేవాడిని. సినిమా బ్యానర్లు, అంగళ్ల బోర్డులు, చనిపోయినవాళ్ల పటాలు. మాకు తిండి పెట్టింది ఈ మూడే. మేస్త్రి చెయ్యి ఎంత గొప్పదో చెప్పలేను గానీ, ఆయన ఆపడం చూడాలి. గీస్తూ గీస్తూ ఉన్నట్టుండి కుంచెను డబ్బాలో పడేసి టీ తాగను పోయేవాడు. తిరిగొచ్చాక ఆ బొమ్మ వైపు కన్నెత్తి చూసేవాడు కాదు. నాకు ఆ విద్య అబ్బలేదు. ఒకసారి సోడా అంగడి బోర్డు మీద నిమ్మకాయ వెయ్యమన్నారు. వేశాను. బాగుంది. బాగుంది కదా అని దాని మీద ఒక మెరుపు పెట్టాను. ఆ మెరుపుకు ఇంకో మెరుపు పెట్టాను. సాయంత్రానికి అది కోడిగుడ్డు అయి కూర్చుంది. సోడా అంగడిలో గుడ్లు కూడా అమ్ముతారా అని నలుగురు అడిగిపోయారట. మేస్త్రి బోర్డు చూసి, "నీ బండికి ఎద్దులు బాగుండాయి రా, పగ్గమే లేదు" అన్నాడు.

పటాల సంగతి కొంచెం చెప్పాలి. ఆ రోజుల్లో మా వైపు బతికున్న మనిషి బొమ్మ వేయించుకునే అలవాటు లేదు. ఫోటో తీయించుకున్నా, బొమ్మ గీయించుకున్నా ఆయుష్షు తగ్గుతుందని నమ్మకం. సముద్రపు ఒడ్డు పల్లెల్లో ఆ నమ్మకం ఇంకా గట్టిగా ఉండేది. మా దగ్గరికి వచ్చేది మనిషి పోయాకనే. ఏ పెళ్లి ఫోటోలోనో వెనక వరసలో గోరంత కనిపించే ముఖాన్ని చూపించి, దాన్ని పెద్దది చెయ్యమనేవాళ్లు. నేను పెద్దది చేసి, నుదుట బొట్టు పెట్టి, చివర్న మెడలో పూలదండ వేసేవాడిని. రంగుతోనే. దండ పడిందంటే పని అయినట్టు. నాకు ఆగడం తెలియదన్నానే, దండ ఒక్కటే నన్ను ఆపేది. దాని తర్వాత వెయ్యడానికి ఇంకేమీ మిగలదు గనక. రోజూ పూలు కొనే పని తప్పిందని ఇళ్లవాళ్లు కూడా సంతోషించేవాళ్లు.

ఆ ఏడాది కార్తీకంలో పెద్ద గాలివాన వచ్చింది. అది పోయిన నెలకు పైన, ఒకరోజు పొద్దున ఒక ఆమె కొట్టు మెట్లెక్కింది. ముప్పై లోపు వయసు. నుదుట రూపాయి బిళ్లంత కుంకం. వెనకాల ఆమె అన్న. ముత్తుకూరు అవతల ఒడ్డున పల్లె వాళ్లది. గాలివాన నాడు ఆమె భర్త ఇంకో ఇద్దరితో తెప్ప మీద వేటకు పోయాడు. ఆ ఇద్దరి శవాలూ ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. ఇతనూ రాలేదు, తెప్పా రాలేదు.

ఊరి పెద్దకాపు నెల చూశాడు. ఇక గడ్డితో మనిషిని చేసి కాల్చి, కర్మ జరిపించి, ఆమె బొట్టూ గాజులూ తీసేద్దామన్నాడు. వాళ్లలో ఒక కట్టు ఉంది. ఇంటి మనిషి ఎవరన్నా వెతకను పోయి ఉంటే, అతను తిరిగొచ్చేదాకా కర్మ చెయ్యకూడదు. అన్న వెతకను పోతానన్నాడు. చేతిలో ఫోటో అయినా లేకుండా ఏం చూపించి అడుగుతావు, ఊరికే రేవుల్లో తిరిగొస్తే వెతికినట్టా అని పెద్దకాపు అడ్డం కొట్టాడు. ఏదన్నా ఒకటి చూపించే ఆధారం ఉంటే పుష్యమాసం అమావాస్య దాకా గడువిస్తానన్నాడు. ఆ ఆధారం కోసం ఆమె మా కొట్టుకు వచ్చింది. బతికున్నవాడి బొమ్మ గీయిస్తే ఆయుష్షు తగ్గుతుందని అత్త అడ్డం పడిందట. "తగ్గితే తగ్గనీ అత్తా, ముందు ఇంటికి రానీ" అని వచ్చేసింది.

మేస్త్రి ఆ వారం బిట్రగుంట పోయి ఉన్నాడు. ఆయన ఉంటే కుదరదని చెప్పి పంపేవాడేమో. నేను మాత్రం ఫోటో లేకుండా ఎన్నో వేశానని చెప్పాను. అప్పటికి నేను వేసినవి సున్న.

బొగ్గు పుల్ల తీసుకుని, "మొగం ఎట్టుంటుందమ్మా?" అన్నాను.

"మనిషి మొగం మాదిరే ఉంటాది."

"అది కాదు. ముక్కు ఎట్టుంటాది?"

ఆమె ఆలోచించింది. ఆలోచించి అన్న వైపు తిరిగింది. అతను కూడా ఆలోచించాడు.

"ఉండాది" అన్నాడు.

ఎనిమిదేళ్లు కాపురం చేసిన మనిషి ముక్కు ఆమెకు తెలియదు. అతను నిలబడినప్పుడు ఎడమ మడమతో కుడి పిక్క గోక్కుంటాడని చెప్పింది. అన్నంలో ముందు పులుసు పోసుకోడనీ, తెప్ప దిగి ఇసకలో నడిచొస్తుంటే చీకట్లో అయినా అడుగు చప్పుడు గుర్తుపడతాననీ చెప్పింది. దగ్గు ఎట్లా ఉంటుందో దగ్గి చూపించింది. దగ్గును నేను ఎక్కడ గియ్యను? ఆ సాయంత్రం ఇంటికి పోయి నా భార్య ముఖం చూడకుండా ఆమె ముక్కును తలుచుకోవాలని కళ్లు మూసుకున్నాను. రాలేదు. కొత్త పెళ్లి, రోజూ చూస్తున్న ముఖం. కళ్లు తెరిచి మిడిగుడ్లేసుకుని చూస్తుంటే, "ఏంది, నా మొగాన మసంటుకుందా?" అంది.

మర్నాటికి ఒక ఉపాయం చేశాను. పాత కాగితాల మీద వరసగా ముక్కులు గీసిపెట్టాను. ఆమె ఒక్కొక్కటే చూసి పక్కన పెట్టింది. ఇది కాదు. ఇదీ కాదు. ఇది మా మరిదిది. చివరికి ఒకటి కొంచెం అట్లాగే ఉందన్నది. అదే పద్ధతిలో చెవులు, కనుబొమలు, గడ్డం. సగం నేను అడిగాను, సగం ఊహించాను, రెంటికీ కుదరనిచోట అప్పుడు చేతిలో ఉన్న సినిమా బ్యానరు లోంచి తీసుకున్నాను. ఇది కూడా ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. రోజూ మొదటి బస్సుకు అన్నాచెల్లెళ్లు వచ్చేవాళ్లు. ఆమె నా పక్కనే గోనెసంచి మీద కూర్చుని, నేను కుంచె ఎత్తితే ఎత్తినచోటికీ, దించితే దించినచోటికీ చూపు తిప్పేది.

మూడోరోజు మధ్యాహ్నం. కంటి కింద కొంచెం వెలుగు పెడుతున్నాను. పెట్టింది చాల్లేదనిపించి ఇంకో చుక్క తీసుకున్నాను.

"చాలన్నా" అంది ఆమె. "ఆపెయ్యి. ఇంక ముట్టబాక."

తిరిగి చూస్తే ఆమె కళ్లనిండా నీళ్లు. మేస్త్రి తప్ప నన్ను ఎవరూ ఆపమన్నవాళ్లు లేరు. ఆయన ఆపమన్నది కూడా చెడిపోయాకనే. ఇక్కడ ఒక మనిషి నా గీతల్లో తన మనిషిని చూసి, వచ్చేశాడు, ఇక కదిలించవద్దు అంటోందని అర్థం చేసుకున్నాను. "వచ్చేసినాడు కదమ్మా" అన్నాను. ఆమె లేచి చీర దులుపుకుంది. మర్నాడు అత్తను కూడా తీసుకొచ్చి బొమ్మ పట్టుకుపోతామని అన్న చెప్పాడు.

మర్నాడు పొద్దున వాళ్లు రాకముందే నేను కొట్టు తీశాను. బొమ్మ ముందు కూర్చున్నాను. ముఖం మీద చెయ్యి వెయ్యలేదు. అంటే, ఎక్కువ వెయ్యలేదు. మీసం కొసలు కొంచెం పైకి తిప్పాను. బుగ్గలకు కాస్త ఎరుపు పూశాను. అంతే, దేవుడి తోడు. కానీ మెడ కింద తెల్లచొక్కా, దాని మీద ఏమీ లేని ఛాతీ. ఆ ఖాళీని చూస్తే నాకు పని సగంలో ఉన్నట్టే ఉంది. చెయ్యి దానంతట అదే పోయింది. మల్లెపూలు, మధ్యమధ్య కనకాంబరాలు, సందుల్లో ఆకుపచ్చ. ఒక్కొక్క రేకుకు ఒక్కొక్క మెరుపు. నా జన్మలో అంత మంచి దండ మళ్లీ వెయ్యలేదు. అయిపోయింది అనిపించింది. కుంచెను డబ్బాలో పడేసి, మేస్త్రిలాగే, టీ తాగను పోయాను.

ఆ దండ వేసింది కొట్టులో ఉన్న ఇంకో పనివాడని నేను చాలా ఏళ్లు చెప్పుకుంటూ వచ్చాను. కొట్టులో ఇంకో పనివాడు ఎప్పుడూ లేడు.

వాళ్లు వచ్చారు. అత్తను ముందు కూర్చోబెట్టారు. నేను బొమ్మ మీద కప్పిన గుడ్డను, తడి రంగుకు అంటకుండా, రెండు కొసలూ పట్టుకుని లాగాను. మెచ్చుకుంటారని ఎదురు చూస్తున్నాను.

ముసలామె చూపు ముఖం మీద ఆగింది. అక్కడినుంచి మెడ మీదికి జారింది. నోరు తెరుచుకుంది. నలభై రోజులుగా కోడలు ఆమెను ఏడవనివ్వలేదట. ఏడిస్తే పోయినట్టు ఒప్పుకున్నట్టే అని. ఆ నలభై రోజుల ఏడుపూ మా కొట్టులో పడింది. నేల మీద కూలబడి, గుండెలు బాదుకుంటూ కొడుకును పిలవడం మొదలుపెట్టింది. టీ అంగడి దగ్గరున్న జనమంతా లేచొచ్చారు. ఎవరు పోయినారు అని ఒకరు అడిగితే, అదుగో పటం, దండేసుండారు చూడు అని ఇంకొకరు చెప్పారు.

అన్న బొమ్మను చూసి నా చేతుల వైపు చూశాడు. నాకు ఇంకా అర్థం కాలేదు. అది తలుచుకుంటే ఇవాళ కూడా చెమట పడుతుంది. ఆ ఏడుపు మధ్య నిలబడి నేను దండలో ఒక పువ్వు వంకర పోయిందేమో అని చూస్తున్నాను. దండేసుండారు అన్న జనం మాట చెవిన పడ్డాక తెలిసింది. బతికున్నాడని ఊరంతటితో పోరాడుతున్న ఆడమనిషి చేతికి, పోయాడని నేను రాసిచ్చాను. గోడ పట్టుకున్నాను.

ఆమె ఏడవలేదు. పైట కొంగు చేతికి చుట్టుకుంది. బొమ్మ దగ్గరికి వచ్చి, ఆ దండను ఈ భుజం నుంచి ఆ భుజం దాకా ఒక్క తుడుపు తుడిచింది. తడి రంగు. మల్లెలూ కనకాంబరాలూ ఆకులూ కలిసి బురద అయ్యాయి. మళ్లీ తుడిచింది. చొక్కా పోయింది. గడ్డం కొస కూడా కొంచెం పోయింది. కొంగంతా ముద్దయింది. ఛాతీ నిండా బూడిదరంగు మరక మిగిలింది.

నేను ఊరుకోవచ్చు కదా. ముందుకొచ్చి, "అమ్మా, ఒక్క పూట ఇయ్యి, ఆ మరకను కండువా చేసేస్తాను" అన్నాను.

"ఇంకొక్క గీత గీసినావంటే నీ చెయ్యి ఇరిచేస్తా" అంది. గొంతు పెంచలేదు. అత్త రెక్క పట్టుకుని, "లెయ్యత్తా. నీ కొడుకు ఉండాడు. పద" అంది.

తడి బొమ్మను విస్తరి పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని అన్న బస్సెక్కాడు.

మేస్త్రి తిరిగొచ్చాక ఆయన ముందు నిలబడి అంతా చెప్పాను. ఆయనతో మాత్రం ఏమీ దాచలేదు. "మనిషి అయిపోయినాక ఏసేది రా దండ. నీ పని అయిపోయిందని ఏస్తావా?" అన్నాడు. అంతే. కొట్టినా బాగుండేది.

తర్వాత సంగతులు చేపలమ్మే ఆడవాళ్ల నోట తెలుస్తూ వచ్చాయి. అన్న బొమ్మ తీసుకుని మద్రాసు వైపు పోయాడు. పల్లెలో మాత్రం దండ సంగతి బస్సు కంటే ముందు చేరింది. బొమ్మే చెప్పిందంటున్నారట, ఎవరూ చెప్పకుండా దండ దానంతట అది పడిందంటే ఇంకేం కావాలి అంటున్నారట. గడువు దాకా ఎందుకు, ముందే కానిచ్చేద్దామని ఇద్దరు ముగ్గురు పెద్దలు పెద్దకాపును తొందర పెడుతున్నారట. వెతకను పోయినోడు ఇంకా తిరిగి రాలేదు, అప్పటిదాకా నా బొట్టు జోలికి ఎవరూ రాబాకండి అని ఆమె గడపలో నిలబడి చెప్పిందట. నాకు అన్నం సయించలేదు. కొట్టు గోడ మీది క్యాలెండరులో అమావాస్యకు ఇంకా ఎన్ని రోజులుందో పొద్దునా సాయంత్రం లెక్కపెట్టేవాడిని. ఆ అమావాస్య నాడు ఆమె బొట్టు పోతే, దాన్ని చెరిపింది నా కుంచే.

అమావాస్యకు వారం ముందునుంచీ చేపలమ్మే ఆడవాళ్లు మా సందు వైపు రాలేదు, కబురు తెలియలేదు. అమావాస్య వెళ్లిన అయిదారు రోజులకు అన్న మా కొట్టు మెట్లెక్కాడు. వెంట ఒక కుంటి మనిషి, చంకలో కర్ర. వాళ్ల వెనక ఎవరో ఆడమనిషి గంప దించుకుంటోంది, ముఖం కనపళ్లేదు.

"ఈయనెవరో చెప్పన్నా, చూద్దాం" అన్నాడు అన్న.

చూశాను. గుండ్రటి ముఖం. చప్పిడి ముక్కు. తలకు అతుక్కుపోయిన చెవులు. మీసం ఉందా అంటే ఉంది.

"తెలీదు. సినిమా హాలు మనిషా?" అన్నాను.

అన్న నవ్వుతూ మెట్టు మీదే కూలబడిపోయాడు. ఆ కుంటి మనిషి మొహమాటంగా నిలబడి, ఎడమ మడమ ఎత్తి కుడి పిక్క గోక్కున్నాడు.

నేను గీసిన మనిషికీ ఈ మనిషికీ అంగుళం కూడా పోలిక లేదు. గంప దించిన ఆమె తలెత్తింది. నుదుట కుంకం, అంతే పెద్దది.

జరిగింది ఇదీ. గాలివానకు తెప్ప దక్షిణానికి కొట్టుకుపోయింది. అరవ జాలర్లు ఇతన్ని తమ పడవలోకి లాక్కున్నారు. కాలు నలిగిపోయి ఉంది, ఒళ్లు తెలియని జ్వరం. ఆసుపత్రిలో వేశారు. తెలివి వచ్చాక పక్క మంచం మనిషి చేత ఇంటికి కార్డు రాయించాడు. లేచి నడవగలిగాక ఎవరూ అప్పగించకుండానే, ఎవరూ గుర్తుపట్టకుండానే, రైలెక్కి తనంతట తాను వచ్చాడు. అమావాస్యకు నాలుగు రోజుల ముందు. ఆయన ఇల్లు చేరాక ఎప్పుడో ఆ కార్డు వచ్చింది. ఆయన వచ్చిన పూట అన్న మద్రాసు హార్బరులో నా బొమ్మ చూపిస్తూ తిరుగుతున్నాడు. చూసినవాళ్లంతా ఈయన ఏ సినిమాలో వేసినాడని అడిగారట. ఒక టీ అంగడివాడు తన అంగట్లో తగిలించుకుంటా ఇమ్మన్నాడట. విసిగిపోయి ఇంటికొస్తే, బావ అరుగు మీద కాలు చాపుకుని వల బాగుచేసుకుంటున్నాడు. ఆయనకు బొమ్మ చూపిస్తే అటూ ఇటూ తిప్పి చూసి, "ఎవురీయన, మనోళ్లేనా?" అన్నాడట.

కాబట్టి, బొమ్మ చూసి జనం గుర్తుపట్టారన్నది అబద్ధం. ఆసుపత్రి నిజం గానీ అక్కడికి నా బొమ్మ పోలేదు. ఒప్పుకున్నాను. కానీ ఆనాడు ఒక్క దాన్ని మాత్రం వదులుకోలేకపోయాను. ముక్కు తప్పు కావచ్చు, మీసం సినిమావాడిది కావచ్చు. ఆ మూడోరోజు మధ్యాహ్నం మాత్రం నా గీతల్లోకి ఏదో వచ్చింది, కట్టుకున్న భార్య దాన్ని చూసింది, చూసి ఆపమంది. నా కళ్లతో చూశాను ఆమె కన్నీళ్లు. అందుకని ఆయన భుజం మీద చెయ్యి వేసి, "ఎవరేమన్నా అనుకోనీ నాయనా, నీ భార్య గుర్తుపట్టింది. వచ్చేసినాడు, చాలు అని నన్ను ఆపింది ఆమే" అన్నాను.

ఆమె గంపలోంచి ఎండుచేపలు తీసి నా ముందు పెడుతోంది, నాకోసం తెచ్చినవే. తల ఎత్తకుండానే అంది:

"నేను అట్ట అన్లేదన్నా. నీ బొమ్మ ఏ పొద్దూ మా ఆయన మాదిరి లేదు. నువ్వు గీసే కొద్దీ నాకు గుర్తున్న మొగం చెదిరిపోతా వచ్చింది. ఇంకాసేపుంటే అది కూడా లేకుండా పోతాదని బయమేసి ఆపమన్నా."